మా తాతయ్య రైతు కాడన్న తీర్పు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఐపీ పెట్టాడని మావాళ్ళంతా చెప్పుకునే కథ ఒకటుంది. పెట్టలేదు. మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర మా బావ మళ్ళీ అదే ఎత్తుకున్నాడు. షావుకారు అప్పు ఎగ్గొడదామని తాతయ్య చట్టం అడ్డం పెట్టుకున్నాడట, కోర్టు కనిపెట్టి బుద్ధి చెప్పిందట, అందుకే నేల పోయిందట. విస్తరి ముందు కూర్చుని అబద్ధమాడితే తిన్నది అరుగుతుందా బావా అని అడిగాను. "నీకెప్పుడూ వాదనేనే తల్లీ, పెరుగన్నం తిననియ్యి" అన్నాడు. అవును, నాకు వాదనే. ఆ కేసు రోజుల్లో మా ఇంట్లో వాదించడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. అందుకే నేను నేర్చుకోవాల్సి వచ్చింది.

ముందు ఒక సంగతి తేల్చాలి. ఐపీ పెట్టడమంటే మనిషి తనంతట తాను కోర్టుకి వెళ్ళి, నేను దివాలా తీశాను, తీర్చలేను అని ఒప్పుకోవడం. మా అమ్మకి నాన్న అయిన ఈ తాతయ్య ఆ గడప తొక్కనేలేదు. షావుకారే ఆయన మీద దావా వేశాడు. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్ళు బయట చేసిన అప్పులు రద్దంటూ అంతకు కొన్నేళ్ళ ముందు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కడియం పక్కన తాతయ్యకి ఎకరం నేల ఉండేది. అందులో మామిడి అంట్లు, సపోటా, గులాబీ పెంచి లారీలకి ఎక్కించేవాడు. ఆ చట్టం రాకముందే, తుఫాను నీళ్ళలో మొక్కలన్నీ కుళ్ళిపోయిన ఏడాది, ఆ షావుకారుకి నోటు రాసి అప్పు తెచ్చాడు. తెచ్చినమాట నిజం, దాచను. అసలుకి మించి వడ్డీ కట్టినమాట కూడా అంతే నిజం, దాన్ని మాత్రం మా బావ ఎప్పుడూ చెప్పడు. ఆ చట్టం లెక్కన తాతయ్య రైతైతే అప్పు లేదు, నేల ఉంటుంది. రైతు కాకపోతే అప్పుంది, నేల వేలానికి పోతుంది. షావుకారు తరపు ప్లీడరు ఒకటే పట్టు పట్టాడు. ఈయన రైతు కాడు, మొక్కల వర్తకుడు అని.

తోటకి వెళ్ళి చూసి నివేదిక రాయమని కోర్టు ఒక కుర్ర లాయర్ని కమిషనర్‌గా వేసింది. అవి వేసవి సెలవులు, నాకు పదేళ్ళు, అమ్మమ్మ వాళ్ళింట్లోనే ఉన్నాను. ముందురోజు సాయంత్రం మా ప్లీడరు గారు వచ్చి తాతయ్యని కూర్చోబెట్టి చెప్పారు. అబద్ధం ఆడక్కర్లేదు, తక్కువ మాట్లాడితే చాలు. ఏం అడిగినా "పొలం పని చేసుకుంటానండి" అనాలి, అక్కడితో ఆపాలి.

ఆయన వెళ్ళాక అమ్మమ్మ నాచేత కమిషనర్ వేషం వేయించింది. తాతయ్య కళ్ళజోడు నా ముక్కు మీద, పలక నా చేతిలో.

"ఏమయ్యా, నువ్వేం చేస్తుంటావు?" అన్నాను గొంతు లావు చేసి.

"చూశావటే దీని పొగరు! తాతని పట్టుకుని ఏమయ్యా అంటంది" అని తాతయ్య పగలబడి నవ్వాడు.

"రేపు ఆయనెవరో అంటే పడతారుగా, ఇవాళ మనవరాలితో పడండి. చెప్పండి" అంది అమ్మమ్మ.

"పొలం పని చేసుకుంటానండి. కాకపోతే అంటు కట్టడంలో మాత్రం ఈ చుట్టుపక్కల..."

అమ్మమ్మ గరిటెతో నేల మీద కొట్టింది. అలా ఏడెనిమిదిసార్లు అయ్యాక దారిలో పడ్డాడు. పాఠం అప్పగించిన పిల్లాడిలా నావైపు చూసి కన్నుగీటాడు కూడా.

మర్నాడు పొద్దున కమిషనర్ స్కూటర్ మీద వచ్చాడు. పొగరుగా ఉంటే బాగుండేది, మర్యాదస్థుడు. చెప్పులు గట్టునే విప్పి లోపలికి వచ్చాడు. ఏం చేస్తుంటారండీ అంటే తాతయ్య చెప్పాల్సిందే చెప్పాడు. అమ్మమ్మ ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. అంతలో ఆ అబ్బాయి ఒక మామిడి అంటు దగ్గర వంగి, "రెండు కొమ్మలు ఇలా ఒకటైపోతాయా అండీ? ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగాడు. కోర్టు అడగమన్న ప్రశ్న కాదది. వట్టి ఆసక్తి.

అంతే, మా తాతయ్య దొరికిపోయాడు. మొక్క గురించి అడిగిన మనిషికి మొక్క గురించి చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాదు. అంటు ఎలా కడతారో చూపించాడు, ఏ నెలలో కడితే నిలుస్తుందో చెప్పాడు. లారీ కోసం వరసగా పెట్టిన మొక్కల దగ్గరికి తీసుకెళ్ళాడు. వేళ్ళని మట్టితో సహా తవ్వి తీసి, ఆ ముద్దకి గడ్డి చుట్టి, తాడుతో బిగించినవవి. "ఈ ముద్ద కట్టడం అందరికీ రాదండి. మా ముద్ద బీహారు దాకా వెళ్ళినా చెదరదండి. అక్కడివాళ్ళు మా మొక్కే కావాలని రాస్తారండి" అన్నాడు. వెనక నుంచి అమ్మమ్మ దగ్గుతూనే ఉంది. "ఏమే, మంచినీళ్ళు తాగు" అన్నాడు ఆవిడతో.

తోటకొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మావైపు లేదు. తాతయ్య ముద్ద కట్టిన ఎర్ర గులాబీ మొక్క ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ కుర్రాయన నిజాయితీపరుడు, ఊరికే తీసుకోకూడదన్నాడు. వద్దండీ అని ఈయన, తప్పండీ అని ఆయన. చివరికి రేటెంతో చెప్పమని పట్టుబట్టి రెండు రూపాయలు ఇచ్చాడు. తాతయ్య కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు. స్కూటర్ వెళ్ళాక, "ఎంత మంచి కుర్రాడే!" అన్నాడు. అమ్మమ్మ ఆయనకి ఆ పూట అన్నం వడ్డించలేదు.

డిగ్రీ చదివే రోజుల్లో ఆ తీర్పు కాపీ ట్రంకు పెట్టెలోంచి తీసి నేనే చదివాను. కమిషనర్ తన నివేదికలో అబద్ధం ఒక్క ముక్క రాయలేదు. గులాబీ కొన్నది, దానికి రెండు రూపాయలు ఇచ్చింది కూడా రాశాడు. జడ్జి గారు ఆ వాక్యాన్నే పట్టుకున్నారు. మొక్క నేలలో ఉన్నంతవరకూ పంట, తవ్వి ముద్ద కట్టాక సరుకు, సరుకు అమ్ముకునేవాడు వర్తకుడు అన్నారు. ఇది పేదల కోసం చేసిన చట్టం కాబట్టి అర్హత లేనివాళ్ళ చేతుల్లో పడకుండా చూడటం కోర్టు బాధ్యత అని కూడా రాశారు. అలా రాసిన చేతికి తవ్వుగోల పట్టిన అలవాటు ఉందో లేదో నాకు తెలియదు. వరి కోసి బస్తాలకెత్తి అమ్మినవాడు మాత్రం రైతే. వాడి బస్తా సరుకెందుకు కాలేదో ఆ తీర్పులో ఎక్కడా లేదు, రెండుసార్లు వెతికాను.

నేల వేలంలో పోయింది. పాడుకున్నాయన అక్కడే నర్సరీ నడిపాడు. అంట్లు కట్టడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి కదా, తాతయ్యనే రోజు కూలికి పెట్టుకున్నాడు. అంటే అప్పుడాయన వ్యవసాయ కూలీ. చట్టంలో ఆ మాట ఉంది. రద్దు చేయడానికి అప్పే మిగల్లేదు.

ఎందుకు చెప్పావు తాతయ్యా అని ఆ వేసవిలోనే ఒకసారి అడిగాను. "అడిగాడు కదమ్మా" అన్నాడు, నాకింత చిన్న విషయం తెలియనందుకు ఆశ్చర్యపోతూ. ఆ కుర్రాడి గులాబీ పూసిందో లేదో అనుకున్నాడు.

ఇప్పుడు ఆదాయపు పన్ను దగ్గర నర్సరీ మొక్కల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే. పెద్ద పెద్ద నర్సరీలవాళ్ళు దర్జాగా రైతులు. మునిగిన కంపెనీలని ఒడ్డున పడెయ్యడానికి కొత్త దివాలా చట్టం వచ్చింది. అందులో మామూలు మనుషుల కోసం రాసిన భాగాన్ని చాలామటుకు అమల్లో పెట్టకుండానే ఉంచారు. దయ ఉన్న చట్టం వచ్చిందని ఎవరైనా సంతోషంగా చెప్తే నేను వెంటనే సంతోషించలేను. అందులో మాటలకి అర్థం చెప్పేది ఎవరు అని అడుగుతాను. ఏ ఆఫీసు కాగితం మీదైనా వృత్తి అన్న గడి దగ్గర నా పెన్ను ఆగుతుంది. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఈ అనుమానం, ఈ నోరు.

ఇంకొకటి కూడా మిగిలింది, ఒక ప్రశ్న. ప్లీడర్లని అడిగాను, ఒక రిటైరైన జడ్జి గారిని కూడా అడిగాను, నవ్వి ఊరుకున్నారు. ఆ పొద్దున మా తాతయ్య తన పనితనం గురించి ఒక్క ముక్క చెప్పకుండా, తలవంచుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంటే రైతయ్యేవాడు. మరి మనిషిని నిలబెట్టడానికే వచ్చిన చట్టం, ముందు వాణ్ణి ఎందుకు వంగమంటుంది?