సెల్యూట్ కొట్టని చిన్నాయన

మా చిన్నాయన పోయినాడని ఆదివారం పొద్దున వల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందంట. రొమ్ములో మంటగా ఉందని చిన్నమ్మతో అంటూనే ఉన్నాడంట. పావగడలో టీచరుగా ఉన్న నాకు మాత్రం చెప్పొద్దన్నాడంట, చెబితే ఆస్పత్రికి లాక్కుపోతానని. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది నాకు.

చెనక్కాయల చేను సోలార్ వాళ్లకు లీజుకిచ్చినాక, అక్కడి గేటు దగ్గరే సెక్యూరిటీగా చేరినాడు ఆయన. కొన్నాళ్లకు కుడి భుజం బిగుసుకుపోయింది. చొక్కా తొడగాలన్నా చిన్నమ్మే రావాలి. మాత్రలు, సూదులు, పసరు కట్లు అన్నీ అయినాయి. చివరికి తుమకూరు డాక్టరు, కీలు చుట్టూ బిగిసిన లిగమెంట్లను కోసి వదులు చేస్తే నొప్పి తగ్గి చెయ్యి లేస్తుందన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. భయమనుకున్నాను. కాదు. చెయ్యి లేవదు కాబట్టి కార్లలో వచ్చే కుర్ర ఇంజినీర్లకు సెల్యూట్ కొట్టే పని తప్పిందంట.

"నా చేన్లోకి పోయేవాళ్లకి నేనెందుకు కొట్టాల పాపా?"

ఆయన మూలుగుతో చిన్నమ్మకు నిద్ర లేదని చెప్పినాకే కదిలినాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు తంటా ఆ తర్వాతే. రోజూ చెయ్యి ఎత్తకపోతే మళ్లీ బిగుసుకుంటుందని డాక్టరు గట్టిగా చెప్పినాడు. గోడ మీద వేళ్లు పైకి పాకించమంటే, గోడకు చక్కిలిగింతలు పెట్టాల్నా అంటాడు. చేసినావా అంటే తలూపుతాడు. చేయలేదని చిన్నమ్మ చెబుతుంది. స్కూలు వదిలినాక బస్సెక్కి పోయి తిట్టి వచ్చేదాన్ని. ఒకరోజు విసిగిపోయి మాటలే మానేసినాను.

డాక్టరుకు చూపించాల్సిన రోజు నేరుగా గేటు దగ్గరికే పోయినాను. నీళ్ల ట్యాంకరు వచ్చింది. చిన్నాయన చెయ్యి నిండుగా పైకెత్తి సెల్యూట్ కొట్టినాడు. వెనక వచ్చిన ట్రాక్టరుకూ కొట్టినాడు. గొర్రెలు తోలుకొస్తున్న ముసలామెకూ కొట్టినాడు. ఇంజినీరు కారు వచ్చేసరికి మాత్రం బూటు లేసు కట్టుకోడానికి వంగినాడు.

ఇన్ని రోజులూ చెప్పొచ్చు కదా అన్నాను.

"నువ్వు అడిగింది గోడ గురించి గదా పాపా."

డాక్టరు చెయ్యి ఎత్తించి చూసి, ఇంట్లో బాగా చేయిస్తున్నావమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు. చిన్నాయన ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

ఆయన్ని కడసారి చూసింది ఈ ఎండాకాలం మొదట్లో. ఫెన్సింగు పక్కన సీమచింత చెట్టు కింద, ప్యానెళ్లు కడిగి వచ్చిన ఆడవాళ్లు కాయలు కోసుకోవాలని నిలబడి ఉన్నారు. చిన్నాయన కుడిచేత్తో పైకొమ్మ అందుకుని వాళ్లకోసం వంచి పట్టుకున్నాడు. నొప్పి పుడుతుంది, ఇక వదలమన్నాను. వెనక ఒక పొట్టి ఆమెకు ఇంకా అందలేదు. ఆయన నా వైపు చూడనే లేదు, కొమ్మను ఇంకాస్త కిందికి వంచినాడు.