కండువా కింద చెయ్యి

మా నాన్న కుడిచెయ్యి పడిపోయిన ఏడాది మా తోట కాపు నేనే బేరం చేశాను. చేశానంటే నోటితో కాదు. మా నూజివీడు వైపు మామిడికాయ బేరం నోటితో చెయ్యరు. షావుకారు భుజం మీది కండువా తీసి తన చేతి మీదా రైతు చేతి మీదా కప్పుతాడు. లోపల రైతు వేళ్ళు పట్టుకుంటాడు. ఒక్కో వేలూ ఒక వంద. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఆయన ఎంతన్నాడో ఆ ఇద్దరికే తెలుస్తుంది. నచ్చితే రైతు గుప్పిట మూస్తాడు, నచ్చకపోతే చెయ్యి లాక్కుంటాడు.

నాన్నకి ఎడంచెయ్యి బాగానే ఉంది. కానీ ఎడంచేత్తో ఎవరూ బేరం చెయ్యరు. అమ్మ షావుకార్ల ముందుకి రాదు. నాకు అన్నదమ్ములు లేరు. ఇక మిగిలింది నేనే. పదిహేడేళ్ళదాన్ని, ఐదో తరగతి దాకా చదివినదాన్ని, మాటలకి కరువు లేనిదాన్ని.

"నోరు కుట్టేసుకుని చెయ్యొక్కటే ఇవ్వాలమ్మడూ. నీవల్ల అవుద్దా?" అన్నాడు నాన్న.

"నోరు నీ దగ్గర పెట్టి వెళ్తాలే," అన్నాను.

నాన్న కుడిచేతికి స్పర్శ లేదు. ఒకసారి వేడి కాఫీ గ్లాసు ఆ చేతిలో ఇరికించుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. వేళ్ళు బొబ్బలెక్కాక, చూసి తెలుసుకున్నాడు. బెజవాడలో ఒక డాక్టరు కరెంటు పెట్టి వైద్యం చేస్తాడనీ, రెండు నెలలు అక్కడే ఉండాలనీ, వేసవి దాటితే ఇక లాభం ఉండదనీ చెప్పారు. నిరుడు తోటకి ఐదు వేళ్ళొచ్చాయి. ఈ ఏడూ ఐదొస్తే వెళ్ళొచ్చని అమ్మ లెక్క.

చెట్టు మీద కాయ కొనేవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. పక్కపక్కనే కొట్లు. పెద్ద షావుకారు సన్నగా ఉంటాడు, చిన్న షావుకారు లావుగా ఉంటాడు. ఒకరంటే ఒకరికి పడదు. పొద్దున నాన్న పెద్ద షావుకారు కొట్లో కాఫీ తాగితే, సాయంత్రానికి చిన్న షావుకారు సైకిలు మా గుమ్మంలో ఉండేది. అరుగు మీద కూర్చోకుండానే "ఆయనెంతన్నాడు?" అని అడిగేవాడు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకే ఒక వేలు పెరిగేది.

పిందెలు పడుతున్న రోజుల్లో నాన్న చేతికి తైలం కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాను. రెండు కొట్ల మధ్య గోడ లేదు. ఇటుక ముక్కలు బయట కుప్పపోసి ఉన్నాయి. రెండు కాటాలు ఉండేచోట, సరిగ్గా మధ్యలో, ఒక్కటే పెద్ద కాటా ఉంది. బయట బోర్డులు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి.

"గోడ పడిపోయిందేంటి బాబాయ్?" అని అడిగాను చిన్న షావుకారుని.

"పడిపోలేదమ్మాయ్, పడగొట్టాం. ఇకమీదట ఇద్దరి కాయా ఒకే లారీలో పోద్ది. లారీ నిండలేదని కాయ కుప్పలో మగ్గిపోయే బాధ ఉండదు. రైతులకీ మంచిదే. మీ నాన్నకి చెప్పు."

చెప్పాను. నాన్న సంతోషించాడు.

"నిజమేనే. నిరుడు లారీ కోసం మూడ్రోజులు ఆగి ఎంత కాయ పారబోశారు! ఆ నష్టం తప్పితే మనకీ ఓ వేలు కలుపుతారు."

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "తోడికోడళ్ళు పంతాలకి పోతేనే మామగారికి రెండు కూరలు. ఇద్దరూ ఒకటైతే ఆయనకి పచ్చడి మెతుకులే."

"కొట్లు రెండున్నాయి గదా. బోర్డులూ రెండున్నాయి," అన్నాడు నాన్న.

"బోర్డులు కొంటాయా కాయ?"

నేను నాన్న వైపే మాట్లాడాను. పదేళ్ళు తిట్టుకున్నవాళ్ళు పదిరోజులు కలిసి ఉండలేరన్నాను. వేసవిలోపే గోడ మళ్ళీ లేస్తుందన్నాను. అలాగే నమ్మాను కూడా.

కాయ ముదిరాక పెద్ద షావుకారు తోటకొచ్చాడు. చెట్టుచెట్టూ తిరిగి చూసి నాన్న కూర్చున్న మంచం దగ్గరికొచ్చాడు.

"ఆడపిల్ల చెయ్యేంటయ్యా?"

"నా చెయ్యే అనుకోండి," అన్నాడు నాన్న.

కండువా కప్పాడు. ఆయన ఉంగరం చల్లగా తగిలింది. నా చిటికెన వేలు వదిలేసి మిగతా నాలుగూ పట్టుకున్నాడు. ఐదుకి తగ్గితే లాగెయ్యమని నాన్న ముందే చెప్పాడు. లాగేశాను. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

రెండ్రోజులకి చిన్న షావుకారు వచ్చాడు. కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. ఎండల గురించి మాట్లాడాడు. "ఆయనెంతన్నాడు?" అని అడగలేదు. నేను ఆ మాట కోసమే చూస్తున్నాను. మజ్జిగ గ్లాసు ఖాళీ అయింది, అడగలేదు. కండువా కప్పకముందే నాకు తెలిసిపోయింది. లోపల నాలుగు వేళ్ళు. చిటికెన వేలే వదిలేశాడు.

లాగేసి నాన్నకి చెప్పాను. నాన్న తోట వైపు చూశాడు. అమ్మ "నేను చెప్పలేదా" అని దెప్పినా బావుణ్ణనిపించింది.

మైలవరంలో కాయ కొనే ఆయన ఒకరున్నారని విని కబురు పెట్టాం. ఆయన సైకిలు మీద వచ్చాడు. తోట చూసి, "కాయ బంగారంలా ఉందండీ," అన్నాడు. కండువా కింద ఐదు వేళ్ళూ పట్టుకున్నాడు. గుప్పిట మూశాను. ఆ పూట అమ్మ నాన్న బట్టలు ఉతికి సంచిలో సర్దింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చాడు. చెప్పులు విప్పలేదు.

"మేదరోళ్ళ దగ్గరికెళ్ళానండీ. ఈ వేసవి గంపలన్నిటికీ మీ షావుకార్లిద్దరూ ముందే బయానా ఇచ్చేశారు. లారీవాణ్ణి అడిగితే ఒక్క తోటకి రాదన్నాడు, కనీసం పది తోటల కాయ ఉండాలట. తిరిగానండీ. ఇక్కడి తోటలవాళ్ళంతా నాలుగుకే ఇచ్చేసుకున్నారు."

"మీరు ఇంకొంచెం ముందొస్తే..." అన్నాను.

"ముందొచ్చినా గంపల్లేవమ్మా. ఏమనుకోకండి."

ఎవరూ ఏమీ అనుకోలేదు. అమ్మ ఆయనకి మంచినీళ్ళిచ్చింది. ఆయన వెళ్ళాక సంచిలో బట్టలు తీసి దండెం మీద వేసింది. నేను మడతలు పెట్టాను. నాకు ఏడుపు రాలేదు. మాటలూ రాలేదు. పొరుగావిడ వచ్చి, "దీనికి జ్వరమా?" అని అడిగింది.

వారం తర్వాత పెద్ద షావుకారు మళ్ళీ వచ్చాడు. ఈసారి చెట్లు చూడలేదు. ఆ వారంలో గాలి లేదు, వాన లేదు, కాయ ఒక్కటీ రాలలేదు. కండువా కింద మాత్రం ఒక వేలు తగ్గింది. మూడే. నాన్న నా మొహం చూస్తున్నాడు. ఆ ముందురోజే, "ఎంతైనా ఇచ్చెయ్. పండి రాలితే అదీ ఉండదు," అన్నాడు. గుప్పిట మూశాను. షావుకారు కండువా మడిచి భుజాన వేసుకున్నాడు.

లారీ చెప్పిన రోజునే వచ్చింది. కాయ కోసిన సాయంత్రానికే గంపలన్నీ ఎక్కించారు. కుళ్ళింది లేదు, పారబోసింది లేదు. చిన్న షావుకారు చెప్పిన ఆ మాట నిజమే.

లారీ వెళ్ళాక నాన్న నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. మూడుకే ఇచ్చానని ఆయనకింకా చెప్పలేదు. తన తుండుగుడ్డ ఎడంచేత్తో తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు.

"ఆయన ఎలా పట్టుకున్నాడో పట్టుకో."

గుడ్డ కింద చెయ్యి పెట్టి మూడు వేళ్ళు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"నాలుగా?" అన్నాడు.