కొత్త కంప్యూటర్‌కు తొలి పూజ

నేను డిగ్రీ చదివే రోజులవి. పోచంపల్లిలో మా బాపు మగ్గం నేసేవాడు. చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తే ఇంటికి ఆసరాగా ఉంటుందని నా ఆశ. చేతిలో ఉన్నది తక్కువ. హైదరాబాద్‌లో షాపుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, బేరమాడి, పాత మానిటర్‌తో సరిపెట్టుకుని, మదర్‌బోర్డు మాత్రం మంచిది వేయించాను. ఆ సీపీయూని బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఆన్ చేయగానే స్క్రీన్ వెలిగింది. నా సంతోషం చెప్పలేను. ఇంతలో బాపు కొబ్బరికాయతో వచ్చాడు.

"పూజ చెయ్యకుండనే షురూ చేసినవా బిడ్డా? బండి కొన్ననాడు చెయ్యలేదా?"

బొట్టే కదా పెడతాడు అనుకున్నాను. బొట్టు పెట్టి, కాయ కొట్టి, "బాపూ, వద్దు!" అని నేను అరిచేలోపే, బండి టైరు మీద పోసినట్టు ఆ కొబ్బరినీళ్లన్నీ సీపీయూ మీద పోశాడు. దాని పైభాగమంతా గాలి రంధ్రాలే! టప్పుమని శబ్దం, కాలిన వాసన. స్క్రీన్ నల్లబడింది.

మదర్‌బోర్డు కాలిపోయిందనీ, నీళ్లు పడితే వారంటీ రాదనీ అన్నాడు షాపతను. ఏడుపు ఆపుకుంటూ ఇంటికొస్తే బాపు నిట్టూర్చాడు.

"సూసినవా, దిష్టి ఎంత గట్టిగున్నదో! గుమ్మడికాయ గూడ కొట్టాల్సుండె."

మళ్లీ బోర్డు వేయించడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ దసరాకు బాపు కొబ్బరికాయ అందుకోగానే, నేను సీపీయూకి గొడుగు పట్టుకుని నిలబడతాను.