మంగీలాల్ నమ్మని వంకాయలు

మంగీలాల్ నమ్మిన వంకాయ ఇంతవరకు భూమ్మీద కాయలేదు. వంకాయ ఒక్కటేనా, ఉల్లిగడ్డ, పాలప్యాకెట్, కోడిగుడ్డు, ఆఖరికి ఉప్పు కూడా ఆయన కంటికి దొంగలాగే కనిపిస్తాయి. అలాంటి మనిషికి ఏ మహానుభావుడు ఇప్పించాడో గానీ, సరుకులు కొనే ఉద్యోగమే ఇప్పించాడు.

బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఒక సెంటర్ ఉంది. ఉన్నట్టుండి మనసు అదుపు తప్పిన వయసు పిల్లల్ని అక్కడికి తీసుకొస్తారు, కుదుటపడేదాకా కనిపెట్టుకుని చూస్తారు. డాక్టరు, నర్సులు కాక వంటకు పూలి, సరుకులకు మంగీలాల్ ఉన్నారు. వీళ్ళందరి మీదా మేనేజరుగా బోనకల్ నుంచి ఉదయశ్రీ కొత్తగా వచ్చింది.

వచ్చీ రాగానే ఆమెకు మంగీలాల్ మీద అనుమానం పుట్టింది. పొద్దున్నే మార్కెట్‌కు పోయిన మనిషి ఎండ ముదిరితే గానీ తిరిగి రాడు. సంగతేమిటో చూద్దామని ఒకరోజు తనూ భద్రాచలం బయలుదేరింది.

వెళ్ళేసరికి భారతమ్మ కూరగాయల దుకాణం ముందు మంగీలాల్ గొంతుకూర్చుని ఉల్లిగడ్డల బస్తాలోకి తొంగి చూస్తున్నాడు.

"ఇవి యాడియి?"

"కర్నూలుయి" అంది భారతమ్మ.

"అంత దూరం నుంచి ఎందుకొచ్చినయ్? ఆడ ఎవ్వరూ కొనలేదా?"

భారతమ్మ ఉదయశ్రీ వైపు తిరిగింది. "రోజూ గిట్లనే మేడం. నా బేరం సగం ఈయనకు జవాబులు చెప్పుకుంటనే పోతది."

మంగీలాల్ ఒక టమాటా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం వినిపిస్తుంది?" అంది ఉదయశ్రీ.

"ఏం వినిపిస్తలేదు మేడం. అదే డౌటు."

గుడ్ల దగ్గర ఇంకో పంచాయితీ. "అన్నీ ఒకటే సైజు ఎట్లుంటయ్? ఒక్క తల్లి పిల్లలం, మా అన్నదమ్ములమే ఒక సైజు లేం" అన్నాడు. గుడ్ల వ్యాపారి ఆకాశంలోకి చూశాడు.

ఎట్టకేలకు సరుకంతా ట్రాలీ ఆటో ఎక్కింది. ఒక్క చేతిసంచీ మాత్రం మంగీలాల్ తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. వెనక స్కూటీ మీద వస్తున్న ఉదయశ్రీ చూస్తుండగానే తండా మలుపులో ఆటో ఆపించి, సంచీ అక్కడి తన ఇంట్లో ఇచ్చి వచ్చాడు. 'అందరినీ ఇంతగా అనుమానించేవాడి దగ్గరే ఏదో ఉంటుంది' అనుకుంది ఆమె.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంకో వింత చూసింది. పిల్లలంతా కంచాల ముందు కూర్చున్నారు. మంగీలాల్ పప్పు గిన్నె దగ్గర నిలబడి గరిటెతో తీసి వాసన చూశాడు, కొంచెం నోట్లో వేసుకున్నాడు, కళ్ళు మూసుకుని ఆగాడు.

"అన్నా, నా పప్పుకు ఏమైంది?" అంది పూలి విసుగ్గా.

"ఇప్పటికైతే ఏం కాలేదు. తినొచ్చు. నా డౌటు మాత్రం నాకున్నది."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఉదయశ్రీకి మాత్రం ఒళ్ళు మండింది. ఆయన్ను పక్కకు పిలిచింది.

"మంగీలాల్ గారూ, అసలే భయాలతో ఉన్న పిల్లలు. వాళ్ళ ముందు ఈ అనుమానాలేంటి? రేపట్నుంచి మీరు అన్నాల దగ్గరకు రావద్దు."

మంగీలాల్ ఏదో చెప్పబోయి, "సరే మేడం" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాహిత్య అన్నం ముట్టలేదు. కల్లూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్ల. అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారన్న భయంతో ఇంట్లో తిండి మానేస్తే, నీరసించిపోయిన దశలో ఇక్కడికి తెచ్చారు. ఇక్కడికొచ్చాక బాగానే తింటోంది. ఇప్పుడు మళ్ళీ కంచం వంక చూస్తూ కూర్చుంది. రాత్రీ తినలేదు. "ఏమీ కలపలేదమ్మా, తిను" అని నర్సు బతిమాలినకొద్దీ కంచం ఇంకా దూరం జరిపింది. ఇట్లాగే ఉంటే పెద్ద దవాఖానాకు పంపాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

ఆ దిగులుతోనే ఉన్న ఉదయశ్రీకి, తెల్లారి మంగీలాల్ మళ్ళీ సంచీతో తండాలో దిగడం కంటపడింది. ఇక ఓపిక పట్టలేక నేరుగా ఆయన ఇంటికే వెళ్ళింది.

మంగీలాల్ భార్య మంగ్లి గుమ్మంలో కూర్చుని సంచీ గుమ్మరిస్తోంది. వంకర వంకాయలు, ఒకవైపు మెత్తబడ్డ టమాటాలు, ముదిరిన బెండకాయలు బయటపడ్డాయి.

"సెంటర్‌కు పనికిరావని ఏరేసినయన్నీ మా ఇంటికే మేడం" అంది మంగ్లి. "పొద్దున్నే భారతమ్మను అంత సతాయించి, ఉత్తగ ఎట్లొస్తనని సొంత పైసలతోని కొంటడు."

లోపల మంగీలాల్ రొట్టె తింటున్నాడు. చూపు గోడ మీదుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. కూర వాసన చూడలేదు, కూర వైపే చూడలేదు.

"ఇంట్లో అనుమానం రాదా?" అంది ఉదయశ్రీ నమ్మలేక.

"ఈయనకా?" మంగ్లి నవ్వింది. "మొన్న ఉప్పు వేసుడే మర్చిపోయిన. రెండోసారి పెట్టించుకొని తిన్నడు."

దొరికిపోయిన మంగీలాల్ చెయ్యి కడుక్కుని బయటికొచ్చాడు.

"మొదట్ల ఒక పిలగాడుండె మేడం. అన్నంల ఏదో కలిపిన్రు అనేటోడు. ఏం లేదు తినురా అని అందరం అంటుంటే ఇంకా భయపడ్డడు. నాకేం తెలుసు, ఏదో తోచి, ఆగు నేను చూస్త అని ముందు నేను తిన్న. అప్పుడు తిన్నడు. వాళ్ళ కోసం ఒకడు ముందే అనుమానపడితే వాళ్ళకు జర ఆ బరువు తగ్గుతదేమో అనుకున్న. అన్నాల కాడ ఒక్కటే అనుమానపడితే నాటకమని తెలిసిపోతది గదా. అందుకే మార్కెట్ల గూడ మొదలుపెట్టిన. ఇప్పుడు ఆగుతలేదు."

సాహిత్య కంచం ఎందుకు జరిపిందో ఉదయశ్రీకి అప్పుడు అర్థమైంది.

"మధ్యాహ్నం మీరు జల్దీ రావాలి" అంది. "పప్పు మీద నాకు కూడా కొంచెం డౌటుగానే ఉంది."

ఆ రోజు మంగీలాల్ పప్పును మునుపటికన్నా ఎక్కువగా అనుమానించాడు. ఆయన మింగేదాకా చూసి, సాహిత్య మెల్లగా ముద్ద కలుపుకుంది. అప్పటి నుంచి రోజూ అంతే. ఈలోగా మందులూ వాటి పని అవి చేస్తూ వచ్చాయి.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పూలి గుత్తివంకాయ చేసింది. మంగీలాల్ ఒక కాయను గరిటెలో పైకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు. ఇంతలో ఎవరో నములుతున్న చప్పుడు. తిరిగి చూస్తే సాహిత్య, బుగ్గ నిండా అన్నంతో.

"ఏందమ్మా, నేనింకా తేల్చనే లేదు" అన్నాడు మంగీలాల్ చిన్నబుచ్చుకుని.

"మీరు తేల్చేసరికి చల్లారిపోతుంది అంకుల్" అని ఇంకో వంకాయ వేసుకుంది.