రోజుకొక పేజీ

అమ్మేవాడికి నోరుంటే చాలు, చదువెందుకు అనుకునేవాణ్ణి నేను. నా పేరు ఐలేశం. తెలంగాణ వచ్చిన మరుసటేడు, ఇంటింటికీ నల్లా నీళ్ళు ఇంకా రాకముందు, నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ళకు నీళ్ళ యంత్రాలు అమ్మాను. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ మాది. యంత్రంలో ఒక తెల్లటి పొడి ఉంటుంది. నానో పొడి. వెంట్రుకను నిలువునా వేలసార్లు చీలిస్తే ఎంత సన్నగా ఉంటుందో, ఒక్కో రేణువు అంత సన్నం. బోరు నీళ్ళలోని ఫ్లోరైడును అది పట్టేసుకుంటుంది. ఫ్లోరైడు సంగతి మా నల్లగొండ జిల్లావాళ్ళకు కొత్తగా చెప్పాలా? వంగని నడుములు, వంకర కాళ్ళు, గారపట్టిన పళ్ళు. అందుకే పొడి మాట ఎత్తితే చాలు, ఊరంతా కూర్చుని వినేది.

ఆ పొడిని తయారుచేసిన పెద్దాయన యంత్రంతోపాటు నూట అరవై పేజీల తెలుగు పుస్తకం కూడా రాసిచ్చాడు. రాయిలోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి ఎముకలోకి ఫ్లోరైడు ఎలా వస్తుందో అంతా అందులో ఉంది. ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. ఇంత లావు పుస్తకం ఈ రోజుల్లో ఎవడు చదువుతాడని మూడు నిమిషాల వీడియో చేసి ఫోన్లకు పంపాం. పొడి ఆరు నెలలకొకసారి మార్చాలి, అంతే, అందులో చెప్పింది. పుస్తకం మాత్రం ఇవ్వాలి కాబట్టి ఇచ్చి వచ్చేవాణ్ణి.

ఒక ఊళ్ళో మహిళా సంఘంవాళ్ళు యంత్రం కొని, దాన్ని నడపడానికి బిక్షమ్మను పెట్టుకున్నారు. నలభై అయిదేళ్ళుంటాయి ఆమెకు. భర్త గోపయ్యకు ఫ్లోరైడు జబ్బు. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. చదువు రాత్రిబడిలో నేర్చుకుంది. అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది. ఉగాది దాటాక యంత్రం మొదలుపెట్టిన రోజు పుస్తకం చేతిలో పెడితే, కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది.

క్యాన్లు నింపే మధ్యలో కూర్చుని రోజుకొక పేజీ చదివేది. అర్థం కాకపోతే మళ్ళీ అదే పేజీ. అర్థమయ్యేదాకా తిప్పదు. నీళ్ళకొచ్చినవాళ్ళు కలెక్టరు పరీక్ష రాస్తున్నావా అని ఆటపట్టిస్తే, రాస్తే మీకేం నొస్తది అనేదట. నెలకోసారి నేను వెళితే నన్నూ వదిలేది కాదు. రేణువు చిన్నదైనకొద్దీ ఎక్కువ ఎట్లా పట్టుకుంటుందని ఒకసారి అడిగింది. మనకు తెలిస్తే గదా. ఏదో గొణిగి బండెక్కాను. తర్వాతి నెల ఆమే నాకు చెప్పింది. రొట్టెను తుంచినకొద్దీ అంచులు పెరుగుతాయి కదా, ఫ్లోరైడును పట్టుకునేవి ఆ అంచులేనట. బీఎస్సీ చదివిన నాకు ఆ సంగతి రాత్రిబడి మనిషి నేర్పింది.

ఆషాఢంలో ఒకరోజు సంఘం అధ్యక్షురాలు యాదలక్ష్మి ఫోను చేసింది. నీళ్ళు పాడయ్యాయంటూ బిక్షమ్మ యంత్రం గదికి తాళమేసి తాళంచెవి నడుముకు దోపుకుందట. నీళ్ళేమో తేటగా, ఎప్పటిలాగే ఉన్నాయట. తాళం తీయకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామని చెప్పినా చెవిన పెట్టలేదట. నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలలేగా అయింది, ఇంకో రెండు నెలలు ఢోకా లేదు, తాళం పగలగొట్టుకోండి అన్నాను. వాళ్ళు సుత్తె తీసుకుని వెళ్ళనే వెళ్ళారట. గోపయ్య తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ మనిషిని పక్కకు జరపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మరునాడు పొద్దున బిక్షమ్మ నార్కట్‌పల్లి హైవే పక్కనున్న మా బ్రాంచి ఆఫీసుకు వచ్చింది. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో రెండు సీసాలు, ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో క్యాను నీళ్ళు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, గీ పుస్తకం నువ్వు సదివినవా?"

"సదవకుంటనే అమ్ముతున్ననా?" అన్నాను.

"మరి నూటపన్నెండో పేజీల ఏమున్నది?"

పుస్తకం అందుకోబోయాను. ఆమే తెరిచి, వేలు పెట్టి, ఒక్కో మాటా చదివి వినిపించింది. నీళ్ళలో సవుడు, అంటే క్షారం, ఎక్కువున్న ఊళ్ళలో పొడి ఆరు నెలలు ఆగదు, రెండు నెలలకే నిండిపోతుంది. ఆ తర్వాత బోరులో ఎంత ఫ్లోరైడు ఉందో క్యానులోనూ అంతే ఉంటుంది. రంగులో, రుచిలో తేడా తెలియదు.

"మా బోరు నీళ్ళల్ల వండితె అన్నం పచ్చగైతది సారూ. సవుడుకు గదే గుర్తని రాసిండు. జర పరీక్ష చేయించు. నాది తప్పైతే కొలువుల నుంచి తీసెయ్యిరి."

సీసాలు నల్లగొండ ల్యాబుకు తీసుకెళ్ళాను, ఆమె మీద కోపంతోనే. నాలుగో రోజు కాగితం వచ్చింది. బోరు నీళ్ళకూ క్యాను నీళ్ళకూ తేడా లేదు. అప్పటికి మరో పదకొండు ఊళ్ళకు అమ్మి ఉన్నాను. రెండు రోజులు తిరిగి అన్నీ బంద్ చేయించాను. ఏడు ఊళ్ళలో పుస్తకం మీది ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. వాళ్ళనేం అంటాను, ఇంట్లో నా పుస్తకమూ అట్లాగే ఉంది.

పొడి మార్చిన రోజు బిక్షమ్మ దగ్గరికి వెళ్ళాను. యాదలక్ష్మి అప్పటికే వచ్చి, ఇక నువ్వే నడుపుకో అని చెప్పి పోయిందట. ఊరికి మేలు చేశావు, కంపెనీవాళ్ళు నీతో ఒక నిమిషం వీడియో తీయమన్నారని చెప్పాను.

"నిమిషంల చెప్పేదైతె ఆ పెద్దాయిన గంత పుస్తకం ఎందుకు రాస్తడు?" అంది.

నవ్వుతూ అంటోందేమో అనుకుని ముఖంలోకి చూశాను. ఏడుస్తోంది. కొలువు నిలబడింది కదమ్మా, ఇంకా ఏడుపెందుకు అన్నాను.

"రెండు నెలలు బడి పిల్లలకు నా చేతులతోని గా నీళ్ళే నింపిచ్చిన బిడ్డా. నాకు జర జల్ది సదవొస్తే ముందుగాల్నే గా పేజీకి వద్దును. నేను సదివెటాల్లకే తాగిన్రు."

నేను కూర్చుంటే ఆ పుస్తకం రెండు పూటల్లో అయిపోయేది. ఆ మాట ఆమెతో చెప్పడానికి ఇన్నేళ్ళయినా నాకు నోరు రాలేదు.