అడ్మిషన్ అంటే అవ్వకు అనుమానం

మా అమ్మాయిని కాలేజీలో, హాస్టల్లో చేర్పించడానికి వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాను. అప్పుడే తుడిచిన నేల మీంచి ఫినాయిల్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, ఎవరో నా దగ్గర ఏదో దాస్తున్నారని నాకిప్పటికీ అనుమానం. అది మా అవ్వ నుంచి వచ్చిన జబ్బు.

అవ్వంటే మా నాయన తల్లి. పులికాట్ ఒడ్డున మా ఊళ్ళో, వేసవి ముదిరి సరస్సు నీళ్ళు వెనక్కి జరిగితే, ఎండిన బురద మీద గళ్ళు గీసి మేం తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, ఆమె పాత చీర మీద రొయ్యలు ఎండబోసి, బుగ్గన ఆకూవక్కతో కాకుల్ని అదిలిస్తూ, దారిన పోయేవాళ్ళందర్నీ ఆ కాకుల్ని చూసినట్టే చూస్తూ కూర్చునేది. ఇంగ్లీషులో ఆమెకు బాగా తెలిసిన మాట ఒక్కటే, అడ్మిషన్. తాతను నెల్లూరులో ఆసుపత్రికి తీసుకెళితే అడ్మిషన్ అన్నారు, లోపలికి తీసుకున్నారు. తాత మళ్ళీ మా గడప తొక్కలేదు.

అందుకే, నా ఐదో తరగతి అయ్యాక, నెల్లూరులో పాపకు అడ్మిషన్ దొరికిందని నాయన సంబరంగా చెప్పేసరికి అవ్వ ముఖం మాడిపోయింది. బడి అన్నా, హాస్టలన్నా నమ్మలేదు. నా కనురెప్పలు లాగి చూసింది, నాలుక చాపమంది. మామిడికాయ వేసిన చేపల పులుసులో పెద్ద ముక్కలన్నీ నా కంచంలోనే పడ్డాయి. నిజంగానే నాకేదో ఉందేమోనని బిక్కుబిక్కుమంటూ తిన్నాను.

"బిడ్డకేం రోగమో చెప్పరా, నా కాడ దాచబాక," అని నాయనను నిలదీసింది.

బడిలో చేర్చే రోజు తనూ బస్సెక్కింది. గేటు దాటగానే ఫినాయిల్ వాసన, ఎదురుగా తెల్లచీర కట్టుకున్న ఆయా. ఇక అవ్వ నా చెయ్యి వదిలితే ఒట్టు. నాయన బతిమాలి బతిమాలి అలసిపోయాక, అవ్వ నేరుగా ఆయాను అడిగింది.

"దీన్ని మళ్ళా ఇంటికి పంపిస్తారా?"

"పంపిస్తాం అవ్వా, పండగ సెలవలకి."

అవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, నా చెయ్యి వదిలింది.

పంపించారు కూడా. కానీ వెళ్ళిన ప్రతిసారీ అవ్వ నాకు చాప వేసి, ఎన్నాళ్ళుంటావమ్మీ అని అడిగేది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు అవ్వ లేదు, మేం ఆడుకున్న చోట రొయ్యల గుంటలు తవ్వారు, ఆ ఇంట్లో ఎవరో ఉంటున్నారు.

"అడ్మిషన్ అయిపోయిందండీ," అన్నాడు కౌంటర్లో మనిషి.

అమ్మాయి నవ్వుతూ లోపలికి కదలబోయి ఆగింది. నేనింకా దాని చెయ్యి వదల్లేదు.