మామూ చేతికి సాంబారు వాసన

ఆ రోజుల్లో నాకు చదువుకంటే అనుమానమే బాగా వంటబట్టింది. తెనాలిలో మామూ ఇంట్లో ఉంటూ, రోజూ రైల్లో బాపట్ల వెళ్లి డిగ్రీ వెలగబెట్టేవాణ్ణి. (మామూ అంటే మా అమ్మకు అన్నయ్య, మామీ ఆయన భార్య.) పాలవాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ నీళ్లు కాస్త ఎక్కువ కలిపాడనుకునే రకాన్ని. అలాంటి నాకు, రంజాన్ నెలలో, ఉపవాసమున్న మామూ చేతులు సాంబారు వాసన కొడితే నిద్ర పడుతుందా?

మామూ దర్జీ. వీధిలో అందరికీ మంచీచెడూ చెప్పే మనిషి. ఆ నెలలో మాత్రం మధ్యాహ్నం కాగానే షట్టరు దించి, హోటల్లో క్యారేజీ నింపించుకుని రేపల్లె రైలెక్కేవాడు. సాయంత్రం ఖాళీ క్యారేజీతో దిగి, మా అందరితోపాటు భక్తిగా ఖర్జూరం నోట్లో వేసుకునేవాడు. "రోజూ రేపల్లెలో ఏం పనండీ?" అని మామీ అడిగితే, "కొలతలు తీసుకోవాలి" అనేవాడు. రోజూ కొలతలేనా? రేపల్లెలో ఒక్కరికీ బట్టల్లేవా?

ఒకరోజు కాలేజీ ఎగ్గొట్టి, అదే రైల్లో వెనక పెట్టె ఎక్కాను. (ముఖానికి కర్చీఫ్ కట్టుకున్నాను. దాంతో పెట్టెలో వాళ్లంతా నన్నే అనుమానంగా చూస్తూ సంచులు ఒళ్లోకి లాక్కున్నారు.) రేపల్లెలో మామూ ఓ పెంకుటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. లోపల గిన్నెల చప్పుడు. దొరికాడనుకుని కిటికీ పక్కన నక్కాను.

మంచం మీద ఒక ముసలాయన. కాలూ చెయ్యీ పడిపోయినట్టున్నాయి. మామూ సాంబారన్నం కలిపి ముద్దలు పెడుతున్నాడు.

"ఉప్పు తగ్గిందిరా. నువ్వోసారి రుచి చూడు."

"ఉపవాసం కదా మాస్టారూ."

"నాలిక మీద చుక్క వేసుకుంటే ఏమవుద్ది? ఇక్కడెవరు చూస్తున్నారు?"

మామూ నవ్వాడు. "ఎవరూ లేకపోవడమేంటండీ? నేను ఉన్నాగా!"

సరిగ్గా అప్పుడే కిటికీ దుమ్ముకి నాకు తుమ్మొచ్చింది. మామూ తలెత్తి చూశాడు. "వచ్చావా? ఆ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుకు" అన్నాడు, అంతే.

ఆయన మామూకి చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారట. చూసుకునే ఆవిడ కూతురి పురిటికి వెళ్లిందట. "మనం పెడుతున్నామని నలుగురికీ తెలిస్తే మాస్టారు చిన్నబుచ్చుకుంటారు. మామీకి కూడా చెప్పకు" అన్నాడు మామూ, తిరుగు రైల్లో. తలొంచుకుని సరేనన్నాను.

రేపల్లె ఎందుకొచ్చావని మాత్రం మామూ ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. రొయ్యల బేరానికి వచ్చానని ఓ అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను. ఇన్నేళ్లయినా అది వాడకుండా అలాగే ఉంది. రొయ్యకీ పీతకీ తేడా తెలియని ఆ కుర్రాడి మాట ఎవరు నమ్మేవాళ్లని, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.